ఓడి ఇంటికొచ్చిన హీరోయిను

మన సినిమాల్లో హీరోగారు సొంత ఊరికి తిరిగొచ్చే సీను మీకు కంఠతా వచ్చే ఉంటుంది. ముందు దుమ్ము లేస్తుంది. దుమ్ములోంచి కారు. కారులోంచి బూటు. బూటు దగ్గర బయలుదేరిన కెమెరా నింపాదిగా పైకెక్కి నల్లకళ్ళజోడు చేరేసరికి హాల్లో చిత్తుకాగితాల వాన! ఆ తరవాత రచ్చబండ దగ్గర రౌడీలు, రౌడీల తరవాత పాట, పాట తరవాత ఊరికి రోడ్డూ, బడీ, ఆస్పత్రీ. అంటే ఏమిటన్నమాట? మన హీరో ఊరికి వచ్చాడంటే జేబు నిండా పెట్టుకుని వచ్చాడన్నమాట. ఊరికి ఇవ్వడానికి వస్తాడు. ఊరి దగ్గర పుచ్చుకోవడానికి రాడు.

ఇప్పుడు ఇంకో రాక చూడండి. సియోల్ నగరంలో ఓ పళ్ళ డాక్టరమ్మ. పేరు యూన్ హే-జిన్. అక్కర్లేని వైద్యం చేసి రోగుల దగ్గర డబ్బు గుంజమన్న పై డాక్టరుతో పోట్లాడి ఉద్యోగం వదిలేస్తుంది. ఆ రాత్రి కాస్త పుచ్చుకుని, మనసులో ఉన్నదంతా నలుగురూ చదివే చోట రాసిపారేస్తుంది. తెల్లారేసరికి ఇంకెక్కడా ఉద్యోగం దొరకని పరిస్థితి. చచ్చిపోయిన తల్లి పుట్టినరోజు గుర్తొచ్చి, చిన్నప్పుడు అమ్మా నాన్నలతో ఒక్కసారి వెళ్ళిన సముద్రపు ఒడ్డు ఊరికి వెళ్ళి ఇసకలో కూచుంటుంది. కూచుంటే ఏమవుతుంది? ఖరీదైన జోళ్ళు కాస్తా అలలు పట్టుకుపోతాయి! ఆ ఊరి కుర్రాడొకడు స్నానాలగదిలో వేసుకునే చెప్పులు తెచ్చి ఇస్తాడు. ఆ పూట ఊళ్ళో ఫోన్లు పనిచెయ్యవు, కార్డులు పనిచెయ్యవు. తాగిన కాఫీకి డబ్బులివ్వడానికి మన డాక్టరమ్మ కూలికి కూచుని సముద్రపు సరుకు శుభ్రం చేస్తుంది. అదీ హీరోయిను ప్రవేశం!

బూటుతో వచ్చిన హీరోకీ, జోళ్ళు పోగొట్టుకున్న హీరోయినుకీ ఉన్న తేడాయే ఈ వారం మన కబురు.

పై కథ పేరు 'హోమ్‌టౌన్ చా-చా-చా'. 2021లో కొరియాలో టీవీఎన్ అనే చానెల్లో వచ్చిన సీరియలు. నెట్‌ఫ్లిక్స్ పుణ్యమా అని ప్రపంచమంతా చూసింది. షిన్ మిన్-ఆ నాయిక, కిమ్ సియోన్-హో నాయకుడు. 2004లో వచ్చిన ఓ కొరియా సినిమాకి ఇది కొత్త రూపం. కొరియా సీరియలంటే మన టీవీ సీరియల్లాంటిది అనుకునేరు. కోడలు గుమ్మం దగ్గర తలతిప్పడానికి మూడు రోజులు పట్టే వ్యవహారం కాదది. పదహారు భాగాలు. వారానికి రెండు చొప్పున రెండు నెలల్లో మంగళం పాడేస్తారు. అందుకే మన కుర్రకారు శుక్రవారం రాత్రి మొదలెట్టి ఆదివారం సాయంత్రానికి పూర్తిచేసి, సోమవారం ఎర్రకళ్ళతో ఆఫీసుకు పోతున్నారు.

సికింద్రాబాదులో ఈస్టు మెట్రో స్టేషను దగ్గర రైలెక్కి ఒకసారి చుట్టూ చూడండి. రాయదుర్గం వైపు వెళ్ళే పిల్లల్లో చెవుల్లో వైర్లు లేనివాళ్ళు అరుదు. ఓ సాయంత్రం నా పక్కన నిలబడ్డ అమ్మాయి ఫోనులో సముద్రం, పడవలు, ఆరబెట్టిన చేపలు... ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు. "ఏమిటమ్మా, ఎవరైనా పోయారా సీరియల్లో?" అని అడిగితే, "పోలేదంకుల్, ఇంటికొచ్చింది!" అంది. ఇంటికి రావడం చూసి ఏడవడమేమిటి? ఆ ప్రశ్న పట్టుకుని ఓ నెల రోజులు ఈ తరహా సీరియళ్ళు వరసబెట్టి చూశాను. నాలుగు చూసేసరికి దారం దొరికింది.

2020లో జేటీబీసీ చానెల్లో వచ్చిన 'వెన్ ది వెదర్ ఈజ్ ఫైన్' తీసుకోండి. సియోల్లో పిల్లలకి సెల్లో వాద్యం నేర్పే పంతులమ్మ, అక్కడి మనుషులతో విసిగి వేసారి, పిన్ని ఉండే పల్లెకి వచ్చేస్తుంది. అక్కడ ఓ చిన్న పుస్తకాల కొట్టు. కొట్టువాడు చిన్నప్పటి క్లాస్‌మేటు. అదే కథ. బాంబులు లేవు, ఛేజింగులు లేవు. చలికాలం, టీ, పుస్తకాలు, అంతే.

2023 డిసెంబరులో మొదలై 2024 జనవరిలో ముగిసిన 'వెల్‌కమ్ టు సామ్‌దాల్‌రి' చూడండి. జేజు అనే ద్వీపంలో పుట్టిన చో సామ్-దాల్, సియోల్ వెళ్ళి, పేరు కూడా మార్చుకుని, పెద్ద ఫొటోగ్రాఫరవుతుంది. ఓ నింద మీదపడి ఒక్క దెబ్బకి కిందపడుతుంది. పత్రికలవాళ్ళు వెంటపడితే దాక్కోవడానికి ఇంకెక్కడికి పోతుంది? అమ్మ దగ్గరికి. అమ్మ ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి నత్తలూ శంఖాలూ ఏరే మనిషి. 'హేన్యో' అంటారు వాళ్ళని. ఆ మునిగే ఆడవాళ్ళ విద్యని యునెస్కో 2016లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. ఊళ్ళో ఉండిపోయిన హీరో వాతావరణ శాఖలో గాలీ వానా చెప్పే ఉద్యోగి. ఒకప్పుడు ప్రేమించుకున్నవాళ్ళే. ఆమె వెళ్ళింది, అతను ఉన్నాడు.

కొరియాలో ఓ సామెత ఉందిట: గుర్రం పుడితే జేజుకి పంపు, మనిషి పుడితే సియోల్‌కి పంపు అని. ఇంకోటి: మురుక్కాలవలోంచి డ్రాగన్ పుట్టింది అని. బీదింట్లో పుట్టి పెద్దవాడైతే అలా అంటారు. మనం మట్టిలో మాణిక్యం అంటాం, అదే. 'సామ్‌దాల్‌రి' కథ మొత్తం ఈ సామెతకి ఎదురుప్రశ్న: సరే, డ్రాగన్ రెక్క విరిగితే ఎక్కడ వాలాలి?

ఇక 2024లో వచ్చిన 'లవ్ నెక్స్ట్ డోర్' అయితే మన మారేడుపల్లిలో తీశారా అనిపిస్తుంది. ఇందులో నాయికది పల్లెటూరు కాదు, సియోల్లోనే ఓ పాత పేట. పిల్ల అమెరికాలో పెద్ద కంపెనీలో ఉద్యోగం. తల్లి నలుగురిలో తలెత్తుకు తిరుగుతూ ఉంటుంది. ఓ రోజు చెప్పాపెట్టకుండా పిల్ల దిగుతుంది. ఉద్యోగం మానేసింది, కుదిరిన పెళ్ళి రద్దు చేసుకుంది. తల్లి అగ్గిమీద గుగ్గిలం! అసలు సంగతి తరవాత బయటపడుతుంది. పరాయిదేశంలో పిల్లకి కడుపులో కాన్సరు వస్తే, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా వైద్యం చేయించుకుందిట. ఎందుకు చెప్పలేదు? అమ్మ తలెత్తుకు తిరుగుతోంది కదా, దించడమెందుకని!

ఆ సీరియలుకి కొరియా భాషలో పేరేమిటో తెలుసా? 'అమ్మ స్నేహితురాలి కొడుకు'. అక్కడ అదో నానుడి. చదువులో ఫస్టు, ఉద్యోగంలో ఫస్టు, పెద్దలంటే భక్తి... ఎప్పుడూ మనకి పోలిక చెప్పి చంపే ఆ పక్కింటి కుర్రాడికి అక్కడి పిల్లలు పెట్టుకున్న ముద్దు పేరది. అర్థమైందిగా? కొరియా మనకి దూరం కాదు. అక్కడి తల్లులూ మన తల్లులూ ఒకే బళ్ళో చదివారు!

ఇంతకీ దొరికిన దారం ఏమిటంటే, ఈ కథల్లో నాయిక గెలిచి రాదు. ఓడి వస్తుంది. ఊరు ఆమెకి దండ వెయ్యదు. కంచం పెడుతుంది.

మన బొమ్మల్ని తీసిపారేస్తున్నాననుకోకండి. 'శ్రీమంతుడు' (2015) నేనూ మొదటివారం చూసి చప్పట్లు కొట్టినవాణ్ణే. కోటీశ్వరుడి కొడుకు తండ్రి పుట్టిన దేవరకోటని దత్తత తీసుకుంటాడు. ఆ బొమ్మ చూసి ఊళ్ళు దత్తత తీసుకోవడమనే మాట జనం నోళ్ళలో నానింది. 'మహర్షి' (2019)లో అమెరికా కంపెనీకి అధిపతి అయినవాడు స్నేహితుడి కోసం పల్లెకి వచ్చి రైతుల పక్షాన నిలబడతాడు. మంచిదే. కానీ ఇద్దరూ గెలిచాకే వచ్చారు. 'శతమానం భవతి' (2017) ఇంకోరకం. జాతీయ బహుమతి తెచ్చుకున్న బొమ్మ. అందులో పిల్లలు విదేశాల్లో హాయిగానే ఉన్నారు. పండక్కి వాళ్ళని రప్పించడానికి ఆత్రేయపురంలో ఉన్న తండ్రి ఓ నాటకమాడాలి. 'బలగం' (2023)లో పెద్దాయన పోతే తప్ప తెగిన బంధువులు ఒకచోట కూడలేదు. అంటే మన తెర మీద మనిషి ఇంటికి రావడానికి మూడే మూడు టికెట్లు: గెలుపు, పండగ, చావు. నాలుగో టికెట్టు లేదు.

అస్సలు లేదా అంటే, కొంచెం ఉంది. మన సికింద్రాబాదు పద్మారావునగర్‌లో పెరిగిన శేఖర్ కమ్ముల, ఆ పేట వీధుల్లోనే 'ఆనంద్' (2004) తీసి, మామూలు ఇంటి వరండాలో కూడా ప్రేమకథ నడుస్తుందని చూపించారు. రెండేళ్ళకి 'గోదావరి' (2006) తీశారు. అందులో నాయిక సీత నడిపే బట్టల దుకాణం నడవదు. పెళ్ళిచూపులు ఒక కొలిక్కి రావు. మనసు బాగాలేక భద్రాచలం వెళ్ళే లాంచీ ఎక్కుతుంది. రాముడుకీ రాజకీయం అచ్చిరాలేదు, ప్రేమా అచ్చిరాలేదు. ఇద్దరు ఓడినవాళ్ళని పడవెక్కించి, నదిని చూపించి, నెమ్మదిగా దించిన బొమ్మ. ఇప్పటికీ మన పిల్లలు వానాకాలం వస్తే దాన్ని మళ్ళీ చూస్తున్నారంటే ఊరికే కాదు. మొన్న 2024లో తమిళం నించి 'సత్యం సుందరం' వచ్చింది. ఆస్తి తగాదాలో ఇల్లు పోగొట్టుకుని ఊరొదిలిపోయినవాడు, చెల్లెలి పెళ్ళికని ఒక్క రాత్రి తిరిగొస్తాడు. పేరు కూడా గుర్తురాని చుట్టం ఒకడు వాడిని వదలకుండా అంటిపెట్టుకుని తిరుగుతాడు. అరవింద్ స్వామి, కార్తి. రాత్రంతా కబుర్లే. హాల్లో మొగవాళ్ళు జేబురుమాళ్ళు తీశారు. కనక, ఇలాంటి కథలకి జనం రారనే మాట అబద్ధం.

మన నిర్మాతలకి కొరియా తెలియదా? బ్రహ్మాండంగా తెలుసు! 2014 నాటి కొరియా బొమ్మ 'మిస్ గ్రానీ' హక్కులు తెచ్చుకుని సమంతతో 'ఓ! బేబీ' (2019) తీశారు. పోలీసు కుర్రాళ్ళ బొమ్మని ఆడపిల్లలకి మార్చి 'శాకినీ డాకినీ' (2022) చేశారు. నవ్వు తెచ్చుకున్నాం, ఫైటు తెచ్చుకున్నాం. ఈ ఇంటికొచ్చే కథ మాత్రం ఇంకా తెచ్చుకోలేదు.

సినిమా పేజీలో ఇంత గోల ఎందుకంటారా? ఓ ఉత్తరం కారణం.

సికింద్రాబాదు స్టేషనుకి నడిచివెళ్ళే దూరంలో, ఓ లేడీస్ హాస్టల్లో ఉంటున్న పాఠకురాలు రాసింది. గోదావరి జిల్లా పిల్ల. పేరూ ఊరూ నేను చెప్పను, మీరు అడక్కండి. "అన్నయ్యగారూ, సామ్‌దాల్‌రి మూడుసార్లు చూశాను. నా ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది. ఇంట్లో చెప్పలేదు. రోజూ ఉదయం ఎనిమిదికి తయారై, కారియరు పట్టుకుని బయటికి వెళ్ళిపోతాను. గదిలో ఉంటే మిగతావాళ్ళకి తెలిసిపోతుందని. మొన్న సంక్రాంతికి అమ్మ రమ్మంటే సెలవు లేదన్నాను. పండక్కి వెళ్తే మావయ్యలు జీతం ఎంత పెరిగిందని అడుగుతారు. ఆ సీరియల్లో ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళగానే నాకు ఏడుపొచ్చేసింది. కొరియాలో అలా వెళ్ళొచ్చా అన్నయ్యగారూ?" అని.

ఉద్యోగం లేనివాడికి సెలవు కూడా లేదు, చూశారా! సంక్రాంతి వచ్చిందంటే దక్షిణ మధ్య రైల్వే ప్రత్యేక రైళ్ళు వేస్తుంది. సికింద్రాబాదు స్టేషను, 2025 జనవరిలో ప్రారంభమైన చేర్లపల్లి టెర్మినలు, అన్నీ కిటకిట. ఊరంతా ఖాళీ అయిపోయిందని పేపర్లు ఫొటోలు వేస్తాయి. ఆ ఖాళీ ఊళ్ళో హాస్టలు గదుల్లో మిగిలిపోయిన పిల్లల ఫొటో ఎవరూ వెయ్యరు. ఈ అమ్మాయి ఒక్కతే కాదు. చిలకలగూడ వైపు ఓ టీ కొట్టు దగ్గర పరీక్షలకి చదివే కుర్రాళ్ళు కూడతారు. తెలంగాణ గ్రూప్-1 పరీక్ష 2022 అక్టోబరులో రాశారు, అది రద్దు. 2023 జూన్‌లో మళ్ళీ రాశారు, అదీ రద్దు. 2024 జూన్‌లో మూడోసారి. "దసరాకి ఊరికి పోలేదా తమ్ముడూ?" అంటే ఒకడు నవ్వి, "పోతే ఏం జెప్పాలె సార్? అవ్వ ఏమడ్గది. అడ్గకుంట బువ్వ పెడ్తది. గదే తినబుద్ధిగాదు" అన్నాడు. మన సంభాషణల రచయితలు పది పేజీలు రాసినా అంత చెప్పలేరు.

సరే, ఆ అమ్మాయి ప్రశ్నకొద్దాం. కొరియాలో అలా వెళ్ళొచ్చా?

నిజం చెప్పాలంటే అక్కడా అంత సులువు కాదు. ఆ దేశం విస్తీర్ణంలో ఎనిమిదో వంతు కూడా లేని సియోల్ చుట్టుపక్కల ప్రాంతంలోనే సగానికి పైగా జనం ఉన్నారు. 2021లో అక్కడి ప్రభుత్వం జనం తగ్గిపోతున్న ప్రాంతాలంటూ 89 నగరాలూ, జిల్లాలూ జాబితా వేసింది. పిల్లలు పుట్టడమూ తగ్గింది. 2023లో సగటున ఒక్కో స్త్రీకి 0.72 మంది పిల్లలు. ప్రపంచంలోకెల్లా తక్కువ లెక్కల్లో అదొకటి. అంటే సీరియల్లో కళకళలాడే ఆ రేవు ఊళ్ళు నిజంలో ముసలివాళ్ళతో, మూసిన బళ్ళతో మిగులుతున్నాయి. 'చా-చా-చా' తీసిన పోహాంగ్ దగ్గరి చొంఘా సంతకి జనం బస్సుల్లో వెళ్తున్నారు, ఫొటోలు దిగి సాయంత్రానికి తిరిగి వెళ్ళిపోతున్నారు. జనం నిజంగా తిరిగి వెళ్ళే దేశమైతే ఇన్ని సీరియళ్ళు తియ్యక్కర్లేదు. ఆకలి ఉన్నచోటే విందు కల వస్తుంది!

కలలో కూడా మంచి కల, తీపి కల అని రెండుంటాయి. ఈ సీరియళ్ళలో కొన్ని ఉత్త తీపి. ఊరంతా మంచివాళ్ళే. చాడీలు చెప్పినా ముద్దుగానే చెబుతారు. మన ఊళ్ళ సంగతి మీకు నేను చెప్పాలా? అక్కడ అమ్మ చేతి పులుసు ఉంటుంది, ఏ వీధిలో ఎవరుండాలో చెప్పే కులమూ ఉంటుంది. 'ఇంకా పెళ్ళి కాలేదా' అనే పెద్దమ్మ కూడా ఉంటుంది. కొందరు పిల్లలు ఊరొదిలింది జీతం కోసం కాదు, ఊపిరి కోసం. వాళ్ళని పట్టుకుని 'మీ ఊరు మిమ్మల్ని పిలుస్తోంది' అంటే పాపం తగులుతుంది.

ఈ మాట తెలిసిన రచయిత ఒకరున్నారు. లిమ్ సాంగ్-చూన్. 2019లో వచ్చిన 'వెన్ ది కమేలియా బ్లూమ్స్' ఆ కలం నించి వచ్చిందే. భర్త లేకుండా బిడ్డని పెంచుకునే తొంగ్‌బేక్, పీతల పచ్చడికి పేరుపడ్డ ఓ చిన్న ఊరికి వచ్చి సారా కొట్టు పెడుతుంది. ఊళ్ళో ఆడవాళ్ళు ఆమెని మాటలతో కాల్చుకు తింటారు. పైగా ఆ ఊళ్ళో ఓ హంతకుడు తిరుగుతున్నాడు! చివరికి ఆమెకి ప్రాణాపాయం వచ్చేసరికి కాల్చుకు తిన్న ఆ ఆడవాళ్ళే కాపలా కాస్తారు. ఊరంటే పూలవనం కాదు, ముళ్ళూ ఉన్నాయి, అయినా ఒక్కోసారి ముళ్ళకంచే కాపాడుతుంది అని చెప్పిన కథ అది. నాయిక గోంగ్ హ్యో-జిన్‌కి ఆ ఏడాది కేబీఎస్ చానెలు అన్నిటికన్న పెద్ద బహుమతి ఇచ్చింది.

అదే రచయిత 2025 మార్చిలో 'వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరీన్స్' ఇచ్చారు. ఐయూ, పార్క్ బో-గమ్. జేజు ద్వీపంలో ఓ ఆలుమగల జీవితమంతా. కూతురు పెద్దదై సియోల్ వెళ్తుంది. ఆ కూతురు కొత్త అడుగు వేసేచోటల్లా, ఆఖరికి పెళ్ళి హాల్లో చెయ్యి పట్టుకుని నడిపిస్తూ కూడా, తండ్రి చెప్పేది ఒకటే: నచ్చకపోతే వెనక్కి తిరిగి పరుగెత్తుకొచ్చెయ్, నేనిక్కడే ఉంటాను అని. మన పెళ్ళిళ్ళలో అప్పగింతలప్పుడు తండ్రులు ఏం చెబుతారో ఓసారి గుర్తు చేసుకోండి. 'అదే నీ ఇల్లు, సర్దుకుపోవాలి తల్లీ' అంటారు. ఈ బొమ్మ చూసి మన ఆడపిల్లలు అంతలా ఏడ్చారంటే కొరియా మోజు వల్లనా? కాదు. ఆ మాట ఎప్పుడైనా నాన్న నోట వింటామా అని చూసి చూసి, చివరికి తెర మీద విన్నారు.

మరి ఊళ్ళో ఏముంది, ఓడినవాళ్ళని నిలబెట్టేది? సముద్రమా, పుస్తకాల కొట్టా? నాకు కనిపించింది వేరు. 'చా-చా-చా'లో హీరో హాంగ్ దూ-సిక్ కూడా మొదటినించీ ఊళ్ళో ఉన్నవాడు కాదు. సియోల్లో పెద్ద ఉద్యోగం చేసి, తట్టుకోలేని దెబ్బ తిని, చావుకి సిద్ధపడినవాడు తిరిగొచ్చి తలుపేసుకున్నాడు. ఊరివాళ్ళు ఏం చేశారు? తిండి తెచ్చి పెట్టారు. ఆ కుళాయి బాగుచెయ్యి, ఈ మూట మొయ్యి అని ఏదో వంక పెట్టి బయటికి లాగారు. అలా లాగగా లాగగా ఊళ్ళో ఏ పని పడినా గంటకింత కూలి తీసుకుని చేసిపెట్టే మనిషయ్యాడు. తరవాత డాక్టరమ్మ చెప్పుల్లేకుండా వచ్చినప్పుడు చెప్పులు తెచ్చింది అతనే. చూశారా గొలుసు? ఒకప్పుడు తనకి తలుపు తీశారు, ఇప్పుడు తను తలుపు తీశాడు. ఇలాంటి కథల్లో ఇంటికొచ్చేవాళ్ళ మీదే మన కళ్ళన్నీ. అసలు పాత్ర ఇంట్లో ఉండిపోయినవాళ్ళది. వాళ్ళు లేకపోతే తిరిగిరావడానికి ఊరే లేదు.

ఈ మాట సికింద్రాబాదుకి మరీ వర్తిస్తుంది. 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టుకుని, తెల్లవాళ్ళ దండు కోసం వెలసిన ఊరు. 1874లో రైలొచ్చింది. 1966లో దక్షిణ మధ్య రైల్వేకి ముఖ్య కేంద్రమైంది. దండులో వచ్చినవాళ్ళు, రైల్వేలో వచ్చినవాళ్ళు, మోండా మార్కెట్లో వ్యాపారానికి వచ్చినవాళ్ళు. 'నాది అసలు ఈ ఊరే' అనేవాడు ఒకప్పుడు దీపం పెట్టి వెతికినా దొరికేవాడు కాదు. ఇప్పుడు వాళ్ళ మనవలు డల్లాస్, న్యూజెర్సీ నించి 'మా ఊరు' అంటూ ఇక్కడికి వస్తున్నారు. వచ్చి వెతుక్కుంటే ఇంగ్లీషు బొమ్మలు చూసిన సంగీత్ హాలు లేదు. ప్యారడైజ్ టాకీసు పోయి పేరు బిర్యానీకి మిగిలింది. స్టేషను పాత కట్టడాన్ని కూడా కొత్తది కట్టడానికి 2025లో పడగొట్టారు. హాళ్ళు పోతాయి, స్టేషన్లు మారతాయి. గుమ్మంలో 'వచ్చావా' అనే మనిషి ఉంటే అది ఊరు. లేకపోతే అది వట్టి చిరునామా.

'వచ్చావా' అన్నాను. జాగ్రత్తగా వినండి. 'ఎన్నాళ్ళుంటావ్?' అనలేదు. పండక్కొచ్చిన పిల్లని 'ఎన్నాళ్ళుంటావే?' అంటే ప్రేమ. ఉద్యోగం పోయి వచ్చిన పిల్లని అదే మాట అంటే కత్తి. మాట మారలేదు, వచ్చిన మనిషి మారింది. ఊళ్ళలో ఉన్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ పత్రిక అక్కడా వస్తుంది కనక మీకే చెబుతున్నాను: పట్నంనించి మీ అక్క వేళకాని వేళ సంచీతో దిగితే కారణం అడక్కండి. కంచం పెట్టి, పక్కన కూచుని, ఏ సీరియలు చూస్తున్నావే అని అడగండి. మిగతాది తనే చెబుతుంది.

ఇక ఉత్తరం రాసిన చెల్లెమ్మకి. కొరియాలో అలా వెళ్ళొచ్చా అన్నావు. కొరియా సంగతి వదిలెయ్యి, ద్రాక్షారామం వైపో, మండపేట వైపో నువ్వు వెళ్ళొచ్చా అన్నదే కదా నీ అసలు ప్రశ్న! వెళ్ళొచ్చు. కాకపోతే పండక్కి వెళ్ళకు. పండగ గెలిచినవాళ్ళది, మావయ్యలది. పనీపాటా లేని ఓ మంగళవారం వెళ్ళు. ఇంటిల్లిపాదికీ ఒకేసారి చెప్పక్కర్లేదు. సామ్-దాల్‌కీ ఊరంతా మొదటిరోజే అండగా నిలబడలేదు. మీ ఇంట్లో నువ్వు చెప్పగలిగే మనిషి ఒకరు ఉండే ఉంటారు. అమ్మ కాకపోతే అమ్మమ్మ, అమ్మమ్మ కాకపోతే పక్కింటి పిన్ని. ఆ ఒక్కరికి ముందు ఫోను చెయ్యి. ఒకవేళ మీ ఇంట్లో అలాంటివాళ్ళు ఎవరూ లేరనుకో, ఇల్లంటే పుట్టిన ఊరే కానక్కర్లేదు. తొంగ్‌బేక్‌కి ఊరు కానిదే ఊరైంది. నీ గదిలో పక్క మంచం పిల్లకి చెప్పు. రేపు ఎనిమిదింటికి కారియరు పట్టుకుని బయటికి వెళ్ళక్కర్లేకుండా పోతుంది. ఉద్యోగం వెతుక్కోవడానికి ఆ నాలుగు గంటలూ మిగులుతాయి.

మన దర్శకులకి ఓ మనవి. బూటు షాట్లు చాలా తీశారు, మేమూ చాలా కాగితాలు విసిరాం. ఈసారి ఒక్క రీలు చెప్పుల్లేకుండా వచ్చే పిల్లకి ఇవ్వండి. కాకినాడ వెళ్ళే గౌతమి ఎక్స్‌ప్రెస్సు ఒకప్పుడు మా సికింద్రాబాదు నించే బయలుదేరేది. తెల్లవారుజామున గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి బోగీలో ఉన్నవాళ్ళంతా కిటికీల దగ్గరికి చేరి నదిలోకి చిల్లర విసిరేవారు. ఆ కిటికీ దగ్గర, చిల్లర కూడా లేని ఓ అమ్మాయిని కూచోబెట్టండి. ఫైటు లేకపోయినా ఫరవాలేదు. టికెట్టు మేం కొంటాం.

మీలో ఎవరైనా అలా ఓ మంగళవారం ఇంటికి వెళ్ళి ఉంటే, గుమ్మంలో మిమ్మల్ని మొదట పలకరించిందెవరో, ఏమన్నారో ఓ కార్డు ముక్క రాసి పడెయ్యండి. పేర్లు వెయ్యను. మాట మాత్రం వేస్తాను.